రోజుకో అణాతో బడి భోజనం పెట్టిన త్యాగరాయ చెట్టి

పెళ్లి చీరలు కొనడానికి చెన్నై వెళ్తే మీరు తప్పకుండా అడుగుపెట్టేది టి.నగర్‌లో. సంచులు మోయలేక కాసేపు నడుం వాల్చేది అక్కడి పానగల్ పార్కులో. ఆ పార్కు పేరు మన పానగల్ రాజాది, అంటే పానుగంటి రామరాయణింగారిది. మరి టి.నగర్‌లో ‘టి’ ఎవరో ఎప్పుడైనా అడిగారా? ఆయన సర్ పిట్టి త్యాగరాయ చెట్టి. ఇంట్లో తెలుగు మాట్లాడే దేవాంగ కుటుంబంలో పుట్టిన మద్రాసు వ్యాపారి. మీ ఇంటి పక్క సర్కారు బడిలో మధ్యాహ్నం పూట పిల్లల పళ్లెంలో పడే వేడి అన్నానికి, వందేళ్ల కిందట తొలి దారి వేసినవారిలో ఆయన ఒకరు.

ఆరోగ్యం పేజీలో రాజకీయ నాయకుడి కథ ఎందుకు అనుకుంటున్నారా? ఊళ్లో ఎవరు ఏం తింటారన్నది వంటింట్లోనే తేలిపోదు. మున్సిపాలిటీ ఏం కొంటుందన్నదాన్ని బట్టి కూడా తేలుతుంది. ఆ సంగతి త్యాగరాయ చెట్టి జీవితం చెప్పినంత బాగా మరేదీ చెప్పదు.

మగ్గాల నుంచి మద్రాసు కార్పొరేషన్‌కు

ఆయన 1852 ఏప్రిల్ 27న పుట్టారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో డిగ్రీ చదివారు. ఆ రోజుల్లో డిగ్రీ చేతికొస్తే సర్కారు కొలువు ఖాయం. ఆయన మాత్రం వ్యాపారంలోకి దిగారు. నేతతో పాటు తోళ్లు, ఉప్పు వంటి వాటిలోనూ చేయి పెట్టారు. సుమారు నూరు మగ్గాలతో నేత కర్మాగారం నడిపారు. తాడు లాగితే నాడె దానంతట అదే అటూ ఇటూ పరుగెత్తే కొత్తరకం మగ్గాన్ని మద్రాసు నేతగాళ్లకు పరిచయం చేసినవారిలో ఆయనా ఉన్నారు. 1909లో దక్షిణాది వర్తకుల కోసం సదరన్ ఇండియా చాంబర్ ఆఫ్ కామర్స్ ఏర్పడటానికి కూడా ముందు నిలిచారు.

1882లో మద్రాసు కార్పొరేషన్ సభ్యుడయ్యారు. అప్పటి నుంచి 1923 దాకా, అంటే దాదాపు నలభై ఏళ్లు, ఆ సభలోనే ఉన్నారు. కాలువలు, నల్లాలు, బళ్లు, చెత్త... ఊరి గొడవలన్నీ ఆయనకు కంఠతా వచ్చు. 1920లో ఆ సభకే అధ్యక్షులయ్యారు. ప్రభుత్వ అధికారి కాని వ్యక్తి ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదలు.

ఇంకోవైపు 1916లో డాక్టర్ టి.ఎం.నాయర్, డాక్టర్ సి.నటేశ మొదలియార్‌లతో కలిసి, జనం జస్టిస్ పార్టీ అని పిలిచిన సంఘాన్ని స్థాపించారు. ఆ ముగ్గురిలో ఇద్దరు వైద్యులే అన్నది గమనించండి. 1920 ఎన్నికల్లో ఆ పార్టీ గెలిచింది. గవర్నర్ లార్డ్ విల్లింగ్డన్ మంత్రివర్గం ఏర్పాటు చేయమని పిలిస్తే త్యాగరాయ చెట్టి ఒప్పుకోలేదు. పదవి సుబ్బరాయలు రెడ్డియార్‌కు, ఆయన తర్వాత పానగల్ రాజాకు దక్కింది. చెట్టిగారు మాత్రం తన ఊరి కార్పొరేషన్‌లోనే ఉండిపోయారు.

థౌజండ్ లైట్స్ బడిలో ఏం జరిగింది?

కార్పొరేషన్ బళ్లు ఉన్నాయి, పంతుళ్లు ఉన్నారు, పిల్లలే రావడం లేదు. కారణం పేదరికం. కడుపు ఖాళీగా ఉన్న పిల్లాడు బడికి రాడు, వచ్చినా పాఠం వినలేడు. ఇది ఇవాళ మీకు వైద్యుడు చెప్పక్కర్లేదు కానీ, 1920లో ఒక నగరపాలక సంస్థ దీన్ని తన బాధ్యతగా ఒప్పుకోవడం మామూలు విషయం కాదు.

1920 సెప్టెంబర్‌లో కార్పొరేషన్ ఒక తీర్మానం చేసింది. థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని బడి పిల్లలకు టిఫిన్ పెట్టాలి, ఖర్చు తలకు రోజుకు ఒక అణా దాటకూడదు. అణా అంటే రూపాయిలో పదహారో వంతు. పథకం తర్వాత మరో నాలుగు బళ్లకు పాకింది. ఆ అయిదు బళ్లలో 1922-23లో 811 మంది ఉన్న పిల్లలు 1924-25 నాటికి 1,671 మంది అయ్యారు. రెండేళ్లలో రెట్టింపు!

అంత మంచి పని ఎలా ఆగిందో తెలుసా? పద్దు దగ్గర. ఈ ఖర్చును ప్రాథమిక విద్య నిధి నుంచి పెట్టడానికి వీల్లేదని బ్రిటిష్ ప్రభుత్వం అడ్డుపడింది. 1925 ఏప్రిల్ 1న పళ్లేలు ఖాళీ అయ్యాయి. త్యాగరాయ చెట్టి కన్నుమూసిందీ ఆ ఏడాదే. ఆ తర్వాత పథకాన్ని తిరిగి తెచ్చారు. 25 బళ్లలో సుమారు వెయ్యి మంది పేద పిల్లలకు తిండి దొరికింది. ఆయన పేరు మీద నగర్ వెలిసింది. ఆయన మొదలుపెట్టిన ఆలోచన 1956లో కామరాజ్ చేతిలో రాష్ట్రవ్యాప్త పథకం అయింది. 2001లో సుప్రీంకోర్టు ఆదేశంతో దేశమంతా పాకింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో బళ్లలో వంట మొదలైంది. 2013 ఆహార భద్రత చట్టం దాన్ని పిల్లల హక్కుగా మార్చింది. గుమాస్తా కలంతో ఆగిపోయే దశ అప్పటితో దాటింది.

ఆ అణా ఇప్పుడు ఏం కొనాలి?

త్యాగరాయ చెట్టి ముందున్న సమస్య ఆకలి. వాతావరణ మార్పు అనే మాట అప్పటికి లేదు. కానీ ఆయన చేతిలోని పనిముట్టు, అంటే ఊరి సొమ్ముతో ఊరికి తిండి కొనడం, ఇవాళ రెండు పనులు చేయగలదు.

ప్రపంచంలో వెలువడే వేడి వాయువుల్లో దాదాపు మూడో వంతు తిండి చుట్టూ జరిగే పనుల నుంచే వస్తుంది. పశువులు నెమరు వేసేటప్పుడు మీథేన్ వస్తుంది. వందేళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు ఎక్కువ వేడి పుట్టిస్తుంది. అందుకే పశుమాంసం ఎక్కువగా తినే దేశాల్లో నగరపాలక సంస్థలు తమ కొనుగోళ్లను మారుస్తున్నాయి. న్యూయార్క్ నగర ప్రభుత్వ ఆసుపత్రుల్లో 2022 నుంచి రోగికి మొదట ఇవ్వజూపేది శాకాహార భోజనమే. మాంసం కావాలంటే అడిగి తీసుకోవచ్చు. చాలామంది ఆ మొదటి పళ్లేన్నే తీసుకుంటున్నారు.

మన లెక్క వేరు. హైదరాబాద్‌లో జీహెచ్‌ఎంసీ 2014 నుంచి అయిదు రూపాయలకు పెడుతున్న భోజనం అన్నం, సాంబారు, కూర, పచ్చడి. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో అన్న క్యాంటీన్లదీ శాకాహారమే. కాబట్టి మనం మాంసం తగ్గించాలనే పాఠం చదవాల్సిన పని లేదు. మన పళ్లెంలో లోపం మరో చోట ఉంది: తెల్లన్నం కొండంత, పప్పు చెంచాడంత. పైగా నీళ్లు నిలబెట్టిన వరిమడి కూడా మీథేన్ వదులుతుంది.

కంది, పెసర, సెనగ మొక్కల వేళ్లలో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు ఇస్తాయి. యూరియా తక్కువ చాలు. యూరియా తగ్గితే నేల నుంచి వచ్చే నైట్రస్ ఆక్సైడ్ తగ్గుతుంది. అది కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 270 రెట్లు బలమైన వాయువు. జొన్న, రాగి, సజ్జలకు వరికి పెట్టినన్ని నీళ్లు అక్కర్లేదు.

ఒంటికీ ఇదే లాభం. బియ్యంలో తక్కువగా ఉండే లైసీన్ పప్పులో ఉంటుంది, పప్పులో తక్కువగా ఉండే మిథియోనిన్ బియ్యంలో ఉంటుంది. రెండూ సరైన పాళ్లలో కలిస్తేనే ప్రొటీన్ పూర్తవుతుంది. వంద గ్రాముల రాగిలో 340 మిల్లీగ్రాముల చుట్టూ క్యాల్షియం ఉంటే, అంతే బియ్యంలో పది మిల్లీగ్రాముల దరిదాపు ఉంటుంది. దేశంలో అయిదేళ్ల లోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఆకుకూర పప్పు మీద నిమ్మరసం పిండితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది.

ఇప్పుడు బడి భోజనం కొలత చూడండి. ప్రాథమిక తరగతుల పిల్లలకు రోజుకు 100 గ్రాముల ధాన్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు. దేశంలో ఈ భోజనం తినే పిల్లలు దాదాపు 11 కోట్లు. తలా 10 గ్రాముల పప్పు పెంచితే రోజుకు 1,100 టన్నుల పప్పు కొనాలి. అంత నమ్మకమైన కొనుగోలుదారు దొరికితే రైతు ఏ పంట వేస్తాడో మీరే ఊహించండి.

ఒక జాగ్రత్త

వాతావరణం పేరు చెప్పి పేద పిల్లల గుడ్డు తీసేయమని ఏ వైద్యుడూ చెప్పడు. బి12 విటమిన్ మొక్కల నుంచి దొరకదు. గుడ్డు వల్ల వాతావరణానికి పడే భారం పశుమాంసంతో పోలిస్తే చాలా తక్కువ. గుడ్డు తినని పిల్లలకు పాలు, పెరుగు ఉండాలి. కిడ్నీ జబ్బు ఉన్న పెద్దలు పప్పు పెంచే ముందు తమ డాక్టరును అడగాలి.

మీరు చేయగలిగింది

మీ పిల్లలు ప్రైవేటు బడిలో చదువుతున్నా సరే, మీరు కట్టే ఇంటి పన్నుతో నడిచే క్యాంటీన్ మెనూ అడిగే హక్కు మీకుంది. వార్డు సభలో మూడు ప్రశ్నలు వేయండి. పప్పు ఎన్ని గ్రాములు? వారానికి ఎన్నిసార్లు చిరుధాన్యం? ఆకుకూర దగ్గరి రైతుల నుంచి కొంటున్నారా? సర్కారు బడికి వెళ్లే పిల్లల తల్లిదండ్రులైతే కమిటీ సమావేశానికి వెళ్లి, ఆ పూట భోజనం ఒకసారి రుచి చూడండి.

థౌజండ్ లైట్స్ బడి పిల్లలకు అన్నం దొరికింది ఒక తీర్మానంతో, పోయింది ఒక పద్దు అభ్యంతరంతో. రెండూ జరిగింది మున్సిపల్ కాగితాల మీదే. మీ ఊళ్లోనూ అలాంటి కాగితాలు ఏటా తయారవుతాయి. ఈసారి టెండరు పిలిచే ముందే వెళ్లి అడగండి.