విలియం కేరీ దొరగారి అగ్నిపరీక్ష

మన తెలుగుభాషకు ఆంగ్లేయులు వ్రాసిన తొలి వ్యాకరణములలో నొకటి 1814వ సంవత్సరమున బంగాళాదేశమందలి శ్రీరాంపురమున అచ్చుపడెను. ఆ గ్రంథమును కర్త రెండుమారులు వ్రాయవలసివచ్చెనని మన విద్యార్థులలో ననేకు లెరుగరు. మొదటి వ్రాతప్రతి బూడిదయైన విధమును, దానిని కేరీగారు సహించిన విధమును తెలుపుటకే మేమీ చిన్న చరిత్రమును వ్రాయబూనితిమి.

విలియం కేరీగారు 1761వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీని ఇంగ్లండులోని పాలర్స్‌పరీ గ్రామమున జన్మించిరి. చెప్పులు కుట్టు వృత్తి నేర్చి, ఆ పనిలో నుండియే లాటిను, గ్రీకు, హెబ్రీ భాషలను అభ్యసించిరి. 1792లో బాప్టిస్టు మిషనరీ సంఘము ఏర్పడుటకు వారు ముఖ్య కారకులు. మరుసటి సంవత్సరము నవంబరులో కుటుంబముతో కలకత్తా చేరిరి.

వచ్చినది మొదలు ఇబ్బందులే. చేతిలో పైకము లేదు. 1794లో మదనబాటి యను చోట నీలిమందు ఫ్యాక్టరీలో పనికి కుదిరిరి. అచ్చట అయిదేండ్ల కుమారుడు పీటరు రక్తవిరేచనములచే మరణించెను. తల్లి డారతీగారికి ఆ దుఃఖముతో మతి చలించి, 1807లో ప్రాణము విడుచువరకు కుదుటబడలేదు. ఆమె కేకలు వినబడుచుండగనే కేరీగారు ప్రక్కగదిలో బైబిలు తర్జుమా చేయుచుండెడివారు. ఇట్టి చరిత్రములలో ఆమెనుగూర్చి తరచుగా ఒక వాక్యముతో సరిపెట్టుదురు. ఆమె ఈ ప్రయాణమునకు మొదట సమ్మతింపలేదు. చెల్లెలు తోడు వచ్చునన్న మీదటనే ఓడ నెక్కెను. భర్తకు విశ్వాసమువలన కలిగిన నెమ్మది ఆమెకు కలిగినట్లు కానరాదు. ఆయన యోర్పును పొగడునప్పుడు ఆమె యనుభవించిన బాధనుకూడ తలపవలెనని మా యభిప్రాయము.

1800లో కేరీగారు శ్రీరాంపురము చేరి, మార్ష్‌మన్, వార్డు దొరలతో కలిసి పనిచేయసాగిరి. ఏడేండ్ల నిరీక్షణ పిమ్మట ఆ యేటి డిసెంబరులో కృష్ణపాలుడను వడ్రంగి మొదటి విశ్వాసిగా బాప్తిస్మము పొందెను. 1801లో బంగాళీ క్రొత్త నిబంధన వెలువడెను.

1812వ సంవత్సరము మార్చి 11వ తేదీ సాయంకాలమున అచ్చుకూటములోని కాగితపు గిడ్డంగి అంటుకొనెను. వార్డుగారు తలుపులు, కిటికీలు మూయించి కప్పునుండి నీరు పోయించిరి. మంట యణగుచున్నట్లు తోచెను గాని, ఎవరో ఒక కిటికీ తెరవగా గాలి చొరబడి ఆ శాలయంతయు మండిపోయెను. ప్రాణనష్టము లేదు. కాని తెలుగు వ్యాకరణము పూర్తిగాను, కన్నడ క్రొత్త నిబంధన, సంస్కృతమునకును సోదరభాషలకును కూర్చిన మహానిఘంటువు, పెక్కు భాషల అచ్చు అక్షరములును నాశనమయ్యెను.

కేరీగారు అప్పుడు కలకత్తాలో ఫోర్టు విలియం కళాశాలయందు బోధించుచుండిరి. మరునాడు మార్ష్‌మన్‌గారు పోయి ఆ వార్త చెప్పిరి. సాయంకాలమునకు శ్రీరాంపురము వచ్చి, ఆ శిథిలములను చూచి కన్నీరు పెట్టుకొనిరి. క్రైస్తవుడు దుఃఖింపరాదని తలంచువారు ఈ సంగతి గమనింతురు గాక. తరువాతి ఆదివారమున 46వ కీర్తననుండి ప్రసంగించుచు, మనలను మన పనిని తన చిత్తప్రకారము జరిగించుటకు దేవునికి హక్కు కలదనియు, దానికి లోబడుట మన విధి యనియు బోధించిరి.

ఇంతలో వార్డుగారు బూడిద త్రవ్వించగా అక్షరములు పోతపోయు అచ్చులు చెడకుండ దొరకెను. ముద్రణయంత్రములు వేరుగదిలో నుండుటచే దక్కెను. కరగిన సీసముతో మరల అక్షరములు పోసిరి. ఇంగ్లండునుండి రమారమి 10,000 పౌనుల సహాయము వచ్చెను. పైకము వచ్చినంతమాత్రమున కాలిన వ్రాతలు రావుగదా! కేరీగారు బల్లయొద్ద కూర్చుండి తెలుగు వ్యాకరణమును మొదటినుండి మరల వ్రాసిరి. నడచిన త్రోవను రెండవమారు నడచుట సులభమని వారి నమ్మకము. రెండేండ్లలో అది అచ్చయ్యెను. 1818లో తెలుగు క్రొత్త నిబంధనయు ఆ కూటమునుండియే వెలువడెను. మహానిఘంటువు మాత్రము తిరిగి పూర్తికాలేదు.

1823లో వరద వచ్చి వారు ప్రీతితో పెంచిన తోటను పాడుచేసెను. దానినిగూడ మరల నాటించిరి. నడువలేని యంత్యదినములలో కుర్చీబండిపై ఆ తోటకు తీసికొనిపోబడుచుండిరి. 1834వ సంవత్సరము జూన్ 9వ తేదీని ప్రభువునందు నిద్రించిరి. వారి కోరిక చొప్పున సమాధిమీద పేరు, తేదీలు, తన దీనత్వము నొప్పుకొను ఒక కీర్తన చరణములు తప్ప మరేమియు చెక్కలేదు.