సర్ ఆల్బర్టు హోవర్డు: నేల ఋణము

నేలనుండి తీసికొనినది నేలకే మరల ఈయవలెనను ధర్మము మన రైతులకు క్రొత్తది కాదు. ఇంటి ముంగిట పెంటదిబ్బ పెంచుట, చేనిలో గొర్రెల మంద కట్టించుట, జనుము చల్లి పూతకు వచ్చుసరికి దున్ని నేలలో కలుపుట మన తాతముత్తాతలు ఎరిగిన పనులే. ఈ ధర్మమునకు శాస్త్రరూపమొసగి, మన దేశపు నగరమొకదాని పేరుతో దానిని లోకమునకు చాటినవాడు మాత్రము ఒక ఆంగ్లేయుడు. దొరతనమువారి కొలువున రైతులకు వ్యవసాయము నేర్పుటకై వచ్చి, రైతులయొద్ద తానే నేర్చుకొనిన సర్ ఆల్బర్టు హోవర్డు చరిత్రము, ఎరువుల బస్తాలకై రైతులు బారులు తీరి నిలువవలసివచ్చుచున్న ఈ దినములలో మరల తలచుకొనదగియున్నది.

హోవర్డు 1873వ సంవత్సరము డిసెంబరు 8వ తేదీన ఇంగ్లండులోని ష్రాప్‌షైరు మండలమున, బిషప్స్ కాజిల్ ప్రాంతమందు ఒక రైతు కుటుంబమున జన్మించెను. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ప్రకృతిశాస్త్రములను చదివి ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణుడై, 1899లో వెస్టిండీసు దీవులకు పోయి పైరుల తెగుళ్లను పరిశోధించు ఉద్యోగమున ప్రవేశించెను. అచ్చటనే ఆయన మనసున ఒక సంశయము పొడమినది. తాను ప్రయోగశాలలో కూర్చుండి తెగుళ్లకు నివారణోపాయములు చెప్పుచున్నాడు. ఆ ఉపాయములను స్వయముగా పరీక్షించి చూచుటకు తన చేతిలో సెంటు భూమియైనను లేదు. సాగుచేయనివాడు సాగుచేయువానికి చెప్పు హితవునకు విలువ ఏపాటిది? ఈ ప్రశ్నయే ఆయన శేషజీవితమును నడిపించినది.

1905లో హిందూదేశ ప్రభుత్వమువారు బీహారులోని పూసా వ్యవసాయ పరిశోధనాలయమున ఆయనను వృక్షశాస్త్రజ్ఞునిగా నియమించిరి. ఆ సంవత్సరమే ఆయన గాబ్రియేల్ మథై అను విదుషిని బొంబాయిలో వివాహమాడెను. ఆమె కేంబ్రిడ్జిలో చదివి, ఆకులు సూర్యరశ్మితో ఆహారమును చేసికొను విధానమును పరిశోధించి అప్పటికే పేరొందిన శాస్త్రజ్ఞురాలు. కొన్ని సంవత్సరములు జీతము లేకయే భర్తతో సమముగా పని చేసినది. 1913లో ప్రభుత్వమువారు ఆమెను ద్వితీయ వృక్షశాస్త్రజ్ఞురాలిగా నియమించిరి. హోవర్డు కీర్తిలో సగము పాలు ఈమెకు చెందవలసినది. లోకము మాత్రము ఆ పాలును ఇంతవరకు పూర్తిగా చెల్లింపలేదు.

పూసాకు వచ్చిన హోవర్డు చుట్టుపట్ల గ్రామములలోని పైరులను పరికించి విస్మితుడయ్యెను. ఆ రైతులు తెగుళ్ల మందు లెరుగరు. వారి పైరులు మాత్రము ఆరోగ్యముతో నిండియుండెను. అంతట ఆయన పట్టుపట్టి 75 ఎకరముల భూమిని సంపాదించి, ఆ రైతులు చేయునట్లే చేయ నారంభించెను. గురువుల నెన్నుకొనుటలో ఆయన వింత మార్గము త్రొక్కెను: ఒకవంక రైతులను, మరియొకవంక చీడపురుగులను తన ఆచార్యులుగా స్వీకరించెను. చీడ పట్టినదన్నచో ఆ పైరు ఆ నేలకు తగనిదో, లేక సాగులో లోపమున్నదో అని ఆయన గ్రహించుచుండెను. పురుగును చంపుటకు ముందు పురుగు ఏల వచ్చినదని విచారింపవలెననుట ఆయన పద్ధతి.

పూసాలో దంపతులు గోధుమలను మేలుజాతులుగా ఏరి పెంచిరి. పూసా 4, పూసా 12 అను రకములు ఉత్తర హిందూస్థానమున లక్షల ఎకరములలో వ్యాపించినవి. వేసవులలో బెలూచిస్థానమందలి క్వెట్టాకు పోయి పండ్లతోటల పెంపకమును, పండ్లను చెడిపోకుండ పెట్టెలలో సర్ది దూరపు సంతలకు పంపు విధమును పరిశోధించిరి. 1914లో ప్రభుత్వమువారు హోవర్డునకు సి. ఐ. ఇ. బిరుదమొసగిరి.

అయినను పూసాలోని ఏర్పాటు ఆయనకు రుచింపలేదు. తెగుళ్లకొక శాఖ, పురుగులకొక శాఖ, నేలకొక శాఖ, విత్తనములకొక శాఖ. ఒక శాఖవారు మరియొక శాఖవారి సరిహద్దున కాలు పెట్టరాదు. పొలములో మాత్రము ఇవియన్నియు ఒక్క మొక్కలోనే కలిసియుండును. కావున విత్తు మొదలు విక్రయము వరకు పైరును సమగ్రముగా పరిశోధించు సంస్థ యొకటి కావలెనని ఆయన కోరెను. కేంద్ర ప్రత్తి సంఘమువారును, మధ్యహిందూస్థాన సంస్థానములవారును ధనసహాయము చేయగా, హోల్కరు మహారాజుగారి ప్రభుత్వము 300 ఎకరముల భూమినీయగా, 1924లో ఇండోరు నగరమున ఆ సంస్థ వెలసినది.

ఇండోరులో జరిగిన పనియే హోవర్డును చిరస్మరణీయునిగా చేసినది. ఆ దినములలో మన పల్లెలలో పేడలో చాలభాగము పిడకలై పొయ్యిలో కాలిపోవుచుండెను. పశువుల పంచితము కొట్టములోనే ఇంకి వ్యర్థమగుచున్నది. ప్రత్తికట్టె, చెత్త, ఆకులలములు ఎవరికిని అక్కరలేక పోవుచున్నవి. చీనా, జపాను రైతులు ఊరి వ్యర్థములను ఏదియు పారవేయక వేలయేండ్లుగా నేలసారమును నిలుపుకొనిన విధమును కింగు అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1911లో వెలువడిన తన గ్రంథమున వర్ణించియుండెను. ఆ అనుభవమును, ఈ దేశపు రైతుల అనుభవమును, సూక్ష్మజీవుల శాస్త్రమును హోవర్డు ఒక్కచోట చేర్చెను. ఇందులో ఆయనకు కుడిభుజముగా నిలిచినవాడు యశ్వంతు వాడ్ అను భారతీయ రసాయన శాస్త్రజ్ఞుడు.

ఆ పద్ధతి ఇట్టిది. నలువది ఎద్దుల కొట్టము ప్రక్కనే 30 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు గల 33 గోతులు మూడు వరుసలుగా త్రవ్వించిరి. కొట్టములో నేలపై మన్ను పరచి, పంచితముతో తడిసిన ఆ మన్నును అప్పుడప్పుడు త్రవ్వి తీయుచుండిరి. ప్రత్తికట్టె వంటి గట్టి పదార్థములను బండ్లు నడచు బాటపై పరచి చక్రముల క్రింద నలుగగొట్టించి, పశువుల క్రింద పరుపుగా వేయించుచుండిరి. ఇట్లు నలిగి తడిసిన చెత్తను గోతిలో పలుచని పొరలుగా పరచి, పొరపొరకును పేడనీళ్లు, పంచితపు మన్ను, కట్టెల బూడిద చల్లుదురు. బూడిద పులుపును విరుచును. గాలియు తేమయు రెండును ఉండవలెను. నీరు నిలిచినచో కుళ్లి కంపు కొట్టును, ఎండినచో పని ఆగిపోవును. మొదట బూజుజాతులు, పిదప సూక్ష్మజీవులు తమ పని నిర్వహింప, గోతిలో వేడి విశేషముగా పుట్టును. సుమారు పదునైదు దినములకొకసారి, నెలకొకసారి, రెండు నెలలకొకసారి త్రవ్వి తిరుగవేయుదురు. మూడు నెలలకు నల్లని, పొడిపొడిగానుండు ఎరువు సిద్ధమగును.

ఇందలి రహస్యము పాళ్లలో నున్నది. గోతిలో వేయు పదార్థమున 33 పాళ్లు కర్బనమునకు ఒక పాలు నత్రజని ఉండునట్లు చూచిన, చివికిన పిదప 10 పాళ్లకు ఒక పాలుగా దిగును. నేలకు కావలసిన పాకమదియే. చివుకని చెత్తను పచ్చిగా నేలలో దున్నినచో, దానిని చివికించు సూక్ష్మజీవులు పైరునకు అందవలసిన నత్రజనిని తామే కొంతకాలము హరించును. రైతు అనుభవమున నున్న ఈ విషయమునకు ఇండోరున కారణము దొరకినది. కొనవలసిన సరకేమియు లేని ఈ పద్ధతిని వివరించు గ్రంథమును 1931లో హోవర్డు, వాడ్ ఇరువురి పేర్లతో ప్రకటించిరి. దానిని చూచుకొను భాగ్యము గాబ్రియేలునకు లేకపోయినది; ఆమె 1930లోనే మరణించినది.

1931లో ఉద్యోగవిరమణము చేసి హోవర్డు స్వదేశమునకు మరలెను. 1934లో ఆయనకు సర్ బిరుదము లభించినది. 1935లో గాంధీ మహాత్ముడు ఇండోరు సంస్థను దర్శించి ఈ ఎరువు చేయు విధమును స్వయముగా చూచెను. కెన్యాలోని కాఫీ తోటలలోను, ఉత్తర వంగదేశపు తేయాకు తోటలలోను ఇండోరు పద్ధతి ప్రవేశించినది. 1940లోను 1945లోను ఆయన ప్రకటించిన గ్రంథములు ఇంగ్లండు, అమెరికాలలో సేంద్రియ వ్యవసాయోద్యమమునకు మూలాధారములైనవి. మన దేశము స్వతంత్రమైన రెండు నెలలకు, 1947 అక్టోబరు 20వ తేదీన ఆయన కాలధర్మము చెందెను.

హోవర్డు చెప్పినదంతయు వేదవాక్యమని మా అభిప్రాయము కాదు. సారవంతమైన నేలలో మేత మేసిన తన ఎద్దులు, గాలికుంటు సోకిన పొరుగు పశువులతో ముట్టెలు రాచుకొనినను జబ్బుపడలేదని ఆయన వ్రాసెను. టీకాలు లేక ఆ నమ్మకముపై ఆధారపడినచో నేటి రైతు పశువులను పోగొట్టుకొనును. రసాయనిక ఎరువులపట్ల ఆయన చూపిన విముఖతయు మితిమీరినదే. క్షామములు చూచిన ఈ దేశమున తిండిగింజలు పెరుగుటకు ఆ ఎరువులును తోడ్పడినవి. కాని నేల ప్రాణముగల వస్తువనియు, దానికి ఆహారము పెట్టక పైరునకు మాత్రమే పెట్టిన చాలదనియు ఆయన చేసిన హెచ్చరికను కాలము నిజముచేయుచున్నది.

స్వాతంత్ర్యము కోరిన జాతికి ఇందొక ఆర్థిక పాఠమును కలదు. మనము వాడు పొటాషు ఇంచుమించుగా అంతయు విదేశపు ఓడలలోనే వచ్చుచున్నది. మన ప్రత్తికట్టెను మాత్రము మన చేలలోనే తగులబెట్టుచున్నాము. కోతయంత్రములు వచ్చిన పిదప వరిగడ్డిని సయితము పొలముననే కాల్చు ఆచారము తెలుగు జిల్లాలలో ప్రవేశించినది. పట్టణవాసులమైన మనమును నిర్దోషులము కాము. ఇండోరులోనే జాక్సను, వాడ్ అనువారు ఊరిచెత్తను, మలినమును ఎరువుగా మార్చు విధమును 1934లో ప్రకటించిరి. 1939లో బెంగుళూరున ఆచార్య అను శాస్త్రజ్ఞుడు పురపాలక సంఘములకు తగిన పద్ధతిని కనుగొనెను. ఇన్ని తెలిసియు మన పురములు చెత్తను కొండలుగా పోయుచున్నవి.

హోవర్డునకు విగ్రహము కట్టించుమని మేము కోరుట లేదు. భూస్వాములు తమ కళ్లముల ప్రక్కన ఒక్కొక్క గోతిని త్రవ్వింతురు గాక. పురపాలక సంఘములు తడిచెత్తను వేరుపరచి చుట్టుప్రక్కల రైతుల కందింతురు గాక. పూసా పల్లెలలోని పేరెరుగని రైతులకును, గాబ్రియేలునకును, యశ్వంతు వాడ్‌నకును, వారి విద్యను లోకమునకు చాటిన ఆ ఆంగ్లేయునకును మన మొసగదగిన కృతజ్ఞత ఇదియే.