మా ఓరుగల్లు రుద్రదేవ మహారాజు

ఓరుగల్లును ఏలిన రుద్రదేవ మహారాజు ఎవరని అడిగితే చాలామంది తడుముకుంటారు. రుద్రమదేవి అంటే మాత్రం చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. ఇద్దరూ ఒకరే. ఆమె పేరు మీద వేసిన శాసనాలు చాలా వాటిలో మగపేరే ఉంటుంది. రాజముద్ర మగవాడిది, మనిషి మాత్రం ఆడది!

ఎందుకిలా? గణపతిదేవుడికి పట్టానికి వచ్చే కొడుకు లేడు. 1199లో గద్దెనెక్కి అరవై ఏళ్ళకు పైగా రాజ్యం చేసి, తెలుగు నేలనంతా ఒక్క గొడుగు కిందికి తెచ్చినవాడాయన. అలాంటి రాజ్యాన్ని ఎవరి చేతిలో పెట్టాలి? ఆయన కూతుర్ని ఎంచుకున్నాడు. కూతురికి రుద్రుడని పేరు పెట్టాడని విద్యానాథుడు ప్రతాపరుద్రీయంలో చెప్పాడు. ఆడపిల్ల పుడితే మొహం ముడుచుకునేవాళ్ళు మన కాలంలోనే ఉన్నారు, ఏడువందల ఏళ్ళ కిందటి సంగతి ఇక చెప్పేదేముంది? ఆయన మాత్రం కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని రాజ్యం నేర్పాడు. 1262 నుంచి పగ్గాలు ఆమె చేతికొచ్చాయి. అది కూడా ఏమంత మంచి సమయం కాదు. దక్షిణాన పాండ్యులు ముత్తుకూరు దగ్గర కాకతీయ సేనను చిత్తుగా ఓడించారు, నెల్లూరు చేజారింది, గణపతిదేవుడు బాగా కుంగిపోయాడు. అంటే ఆమెకు దక్కింది పూలపాన్పు కాదు, పగుళ్ళిచ్చిన ఇల్లు.

ఆ రోజుల్లో ప్రపంచంలో ఏం జరుగుతోందో కూడా ఒకసారి చూడండి. ఆమెకు రెండేళ్ళ ముందే, 1260లో, మంగోలుల కుబ్లయ్ ఖాన్ సింహాసనం ఎక్కాడు. ఆయన పెద్దమ్మ తొరెగెన్ కూడా భర్త పోయాక నాలుగైదేళ్ళు ఆ మహాసామ్రాజ్యాన్ని నడిపింది, కానీ కొడుకు గద్దెనెక్కేదాకానే. మన ఢిల్లీలో రజియా సుల్తానాని 1236లో కూర్చోబెట్టి 1240 కల్లా దించేశారు. మన రుద్రమ 27 ఏళ్ళు నిలిచింది. అదీ ఎవరి తరఫునో కాదు, తన సొంత హక్కుతో. నాకు ఆమె కత్తి కంటే ఈ లెక్కే పెద్దదిగా కనిపిస్తుంది.

ఆమె భర్త నిడదవోలు చాళుక్య వంశపు వీరభద్రుడు. రాజ్య వ్యవహారాల్లో ఆయన పేరు పెద్దగా వినిపించదు. ఇంట్లో ఎలా ఉండేవారో, ఆమె దర్బారు నుంచి ఎప్పుడు వచ్చేదో, పిల్లల్ని ఎవరు చూసుకునేవారో మనబోటివాళ్ళకి తెలుసుకోవాలనిపిస్తుంది. రాళ్ళ మీద అవేవీ రాయరు కదా! ముమ్మడమ్మ, రుయ్యమ్మ ఆమె కూతుళ్ళు. కొడుకులు లేరు.

ఆడది గద్దెనెక్కడం గిట్టనివాళ్ళు చుట్టూ ఉన్నారు. సవతి తమ్ముళ్ళు హరిహరదేవుడు, మురారిదేవుడు తిరగబడ్డారని ప్రతాపచరిత్ర చెబుతుంది గానీ, అది చాలా తర్వాత రాసిన పుస్తకం. చరిత్రకారులు దాన్ని పూర్తిగా నమ్మరు. దేవగిరి యాదవ రాజు మహాదేవుడు దండెత్తింది మాత్రం నిజం. ఆ యుద్ధం గురించి రెండు కథలున్నాయి. ఆమె అతన్ని తరుముకుంటూ దేవగిరి దాకా వెళ్ళి కోటి బంగారు నాణేలు కక్కించిందని మన ప్రతాపచరిత్ర అంటుంది. మహాదేవుడి మంత్రి హేమాద్రి రాత ఇంకోలా ఉంది. ఆడదాన్ని చంపడం ఇష్టంలేక మా రాజు ఆమెను వదిలేశాడని! ఓడిపోయి ఇంటికొచ్చిన మగవాడి మాటలా లేదూ? బీదరులో కాకతీయుల శాసనం దొరికింది. కాకతీయ సేన అంతదూరం పోయిందంటే ఎవరు ఎవర్ని వదిలేశారో మీరే ఊహించుకోండి.

రాజులనే ఏనుగుల పాలిట సింహం అనే అర్థంలో ఆమెకు రాయగజకేసరి బిరుదు ఉంది. ఖిలా వరంగల్‌లో స్వయంభూ దేవాలయం దగ్గరి శిల్పాల్లో సింహం మీద కూర్చుని, కత్తీ డాలూ పట్టుకున్న స్త్రీమూర్తి ఒకటుంది. అది ఆమేనంటారు. తోరణాల దగ్గర ఫొటోలు దిగేసి వెళ్ళిపోయే వాళ్ళంతా ఒక్క నిమిషం దాని ముందు నిలబడితే బాగుంటుంది.

కోట సంగతీ చెప్పాలి. తండ్రి మొదలుపెట్టిన రాతిగోడను ఎత్తు పెంచి పూర్తి చేయించిందామె. సైనికులు ఎటునుంచైనా గబగబా పైకెక్కేందుకు గోడ లోపలివైపు పొడుగునా మెట్లు ఉంటాయి. ఇప్పటికీ చూడొచ్చు. దాని బయట మట్టికోట, కందకం. మట్టిగోడే కదా అని తేలిగ్గా తీసేయకండి. ఆమె పోయిన ఇరవై ఏళ్ళకు, 1310లో, మాలిక్ కాఫర్ ఢిల్లీ సైన్యంతో వచ్చి ముట్టడించాడు. యంత్రాలతో విసిరిన బండలు ఆ మట్టిగోడకు తగిలి చిన్న కాయల్లా వెనక్కి ఎగిరిపడ్డాయని అమీర్ ఖుస్రో రాశాడు. పొగడ్త శత్రువు వైపు నుంచి వచ్చింది కాబట్టి నమ్మొచ్చు.

ఇక ఆడవాళ్ళందరికీ తెలియాల్సిన శాసనం ఒకటుంది. గుంటూరు జిల్లాలో, ఇప్పుడు సచివాలయం ఉన్న వెలగపూడి పక్కనే మల్కాపురం అనే ఊళ్ళో ఉంది. 1261 నాటిది. తన గురువు విశ్వేశ్వర శివాచార్యుడికి మందడం గ్రామాన్ని ఇస్తానని గణపతిదేవుడు మాట ఇచ్చాడు. ఆ మాటను చెల్లించింది కూతురు. వెలగపూడిని కూడా కలిపి ఇచ్చింది. ఆ ఊళ్ళ ఆదాయంతో శివాచార్యుడు గుడి, మఠం, చదువు చెప్పే చోటు, అన్నసత్రం పెట్టాడు. సత్రంలో ఏ కులంవాళ్ళు వచ్చినా అన్నం పెట్టాలి. వాటితోపాటు ఒక ఆరోగ్యశాల, ఒక ప్రసూతిశాల. అవును, కాన్పుల కోసమే విడిగా ఒక చోటు! వైద్యుడికి జీతం, లెక్కలు రాసే కాయస్థుడికి జీతం, అన్నీ రాసి ఉన్నాయి. ఇరవయ్యో శతాబ్దంలో కూడా మంత్రసాని చేతిలోనే కాన్పులయిన ఊళ్ళు మనకెన్ని లేవు? ఇది మొదటిసారి చదివినప్పుడు నేను రెండుసార్లు తిరగేసి చదివాను. ఆ ప్రసూతిశాల ఆలోచన రుద్రమదా, శివాచార్యుడిదా అన్నది శాసనం విడమర్చి చెప్పదు. ఊళ్ళు ఇచ్చిన చెయ్యి మాత్రం ఆమెది.

కుబ్లయ్ ఖాన్ పేరు ఇందాక ఊరికే ఎత్తలేదు. ఖాన్ కొలువులో చాలా ఏళ్ళు ఉన్న వెనిస్ వాసి మార్కోపోలో తిరుగు ప్రయాణంలో మన తీరం మీదుగా వెళ్ళాడు. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవునే అతను ముత్ఫిలి అన్నాడు. గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు లాక్కోవడం మాని, మామూలు సుంకం మాత్రమే తీసుకుంటారని వర్తకులకు గణపతిదేవుడు 1244లో అభయమిచ్చిన రేవు అది. అక్కడి వజ్రాలనూ, సాలెగూడు లాంటి సన్నని బట్టలనూ మార్కోపోలో తెగ మెచ్చుకున్నాడు. ఈ దేశాన్ని న్యాయంగా ఏలుతున్నది ఒక రాణి అని కూడా రాశాడు. కాకపోతే ఆమెను చనిపోయిన రాజుగారి భార్య అనుకున్నాడు. ఆడది రాజ్యమేలుతుంటే ఎవరి పెళ్ళామో అనుకోవడం పరదేశికైనా అలవాటే! అతన్ని నమ్మి కొందరు చరిత్రకారులు కూడా చాలాకాలం ఆమెను గణపతిదేవుడి భార్య అనే రాశారు. శాసనాలు బయటపడ్డాకే కూతురని తేలింది.

కొడుకులు లేని రుద్రమ, ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుణ్ణి దత్తత తీసుకుంది. తండ్రి తనకు నేర్పినట్టే మనవడికి రాజ్యం నేర్పింది. అంతలో కాయస్థ సామంతుడు అంబదేవుడు ఎదురుతిరిగాడు. ఈ కాయస్థులు గణపతిదేవుడి కాలం నుంచీ కాకతీయుల ఉప్పు తిన్నవాళ్ళే. పెద్ద వయసులో ఆమె అతని మీదికి సేనతో బయల్దేరిందంటారు. 1290లో త్రిపురాంతకంలో వేయించిన శాసనంలో అంబదేవుడు తన గెలుపుల జాబితా గొప్పగా చెక్కించుకున్నాడు. రుద్రమను చంపానని మాత్రం ఎక్కడా చెప్పుకోలేదు.

ఆమె మరణం గురించి తెలిసింది నల్గొండ జిల్లా నకిరేకల్ దగ్గరి చందుపట్ల శాసనం వల్ల. దాని తేదీ 1289 నవంబరు 27. పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు దాన్ని వెలుగులోకి తెచ్చారు. రాణిగారూ, సేనాని మల్లికార్జున నాయకుడూ శివలోకానికి వెళ్ళారని ఉందందులో. ఎలా పోయారో లేదు. ఇద్దరి పేర్లూ ఒక్కచోట ఉండటం వల్లే యుద్ధంలో పోయారని చరిత్రకారులు ఊహించారు. ఆ శాసనం వేయించింది ఏ రాజూ కాదు, మల్లికార్జున నాయకుడి కొలువులోని పువ్వుల ముమ్మడి అనే బంటు. వాళ్ళిద్దరికీ పుణ్యం కలగాలని ఊళ్ళోని సోమనాథ దేవుడికి కొంత భూమి ఇచ్చుకున్నాడు. ఆ రాతి మీద రుద్రదేవ మహారాజు అని లేదు, రుద్రమదేవి గారు అని ఉంది.