యంత్రానికి ఆట నేర్పబోయిన విజేత

మిఖాయిల్ బోత్విన్నిక్ 1911లో నాటి రష్యా సామ్రాజ్యంలోని కుయొక్కాల గ్రామంలో జన్మించాడు. పన్నెండవ ఏట చదరంగం నేర్చుకున్నాడు. 1925లో ప్రపంచ విజేత కాపబ్లాంకా లెనిన్‌గ్రాడ్ నగరంలో ఏకకాలంలో పలువురితో ఆడగా, ఆయనను ఓడించినవారిలో ఈ బాలుడు ఒకడు. బోత్విన్నిక్ వృత్తిరీత్యా విద్యుత్ ఇంజనీరు. 1948లో ప్రపంచ విజేత అయిన తరువాత కూడ ఆ వృత్తిని విడువలేదు.

ఆయన గెలుపులో సగం ఇంటివద్దనే సిద్ధమయ్యేది. ఆట తొలి ఎత్తులను ప్రయోగశాలలో శాస్త్రజ్ఞుని వలె పరిశీలించేవాడు. ప్రత్యర్థుల పొగకు చలించకుండ ఉండడానికి, అభ్యాసపు ఆటలలో మిత్రుని చేత ముఖం మీదికి పొగ ఊదించుకున్నాడట! 1957లో స్మిస్లోవ్‌కు కిరీటం కోల్పోయాడు. మరుసటి ఏడు నల్లపావులకు కారో-కాన్ రక్షణను సిద్ధం చేసుకొని వచ్చి, మొదటి మూడు ఆటలూ గెలిచి, కిరీటాన్ని తిరిగి పొందాడు.

1970లో పోటీల నుండి విరమించి, కంప్యూటరుకు చదరంగం నేర్పే కృషిలో నిమగ్నుడయ్యాడు. తొలి ఎత్తుల దగ్గరే యంత్రానికి చిక్కు వస్తుంది. ఇరుపక్షాలు చెరొక ఎత్తు వేసేసరికే 400 స్థితులు సాధ్యం. ఆ ఎత్తుల ఫలితమా, ఎంతో దూరాన ఉంటుంది. అందుచేత మానవులు ఆడిన ఎత్తుల పట్టికను యంత్రంలో ముందే నిక్షిప్తం చేసేవారు. అర్థం తెలియక జవాబులు వల్లించే విద్యార్థి వలె, పట్టిక ముగియగానే అది తడబడేది. మానవుడు ఎత్తు వెనుకనున్న ఉద్దేశాన్ని ఎరుగును; కనుక కొత్త స్థితిలోనూ దారి వెదకుకోగలడు.

ఆ ఉద్దేశాన్నే యంత్రానికి నేర్పాలని బోత్విన్నిక్ 'పయొనీర్' అనే ప్రోగ్రామును తలపెట్టాడు. అన్నిటినీ గాలించక, ప్రయోజనమున్న కొద్ది మార్గాలనే అది పరిశీలించాలి. పయొనీర్ కొన్ని కఠిన సమస్యలను సాధించింది కాని పోటీలో దిగలేదు. 1974లో స్టాక్‌హోంలో జరిగిన కంప్యూటర్ల ప్రపంచ పోటీలో మరొక సోవియట్ ప్రోగ్రాము 'కైస్సా' గెలిచింది. ఆశించిన యంత్రాన్ని చూడకుండానే ఆయన 1995 మే 5న మాస్కోలో మరణించాడు.

1997లో ఆయన శిష్యుడు కాస్పరోవ్ న్యూయార్కులో డీప్ బ్లూ అనే కంప్యూటరుతో తలపడ్డాడు. చివరి ఆటలో గురువుకు అచ్చివచ్చిన కారో-కాన్ రక్షణనే ఎన్నుకొని, ఎత్తుల క్రమంలో పొరబడ్డాడు. యంత్రం ఎనిమిదవ ఎత్తులో గుర్రాన్ని బలి ఇచ్చింది. అది యంత్రం ఆలోచన కాదు. మనుషులు నింపిన పట్టికలోని ఎత్తు. 19 ఎత్తులకే కాస్పరోవ్ ఓటమిని అంగీకరించాడు.

2017లో వచ్చిన ఆల్ఫాజీరోకు ఏ పట్టికా లేదు. నియమాలు మాత్రమే తెలిసిన ఆ ప్రోగ్రాము తనతో తానే ఆడుకొని, మానవులు తరతరాలుగా మెచ్చిన తొలి ఎత్తులను కనుగొన్నది. స్టాక్‌ఫిష్ సెకనుకు సుమారు 7 కోట్ల స్థితులను గాలించగా, అది సుమారు 80 వేలతోనే సరిపెట్టుకొని ఆ ప్రోగ్రామును ఓడించింది.