జాక్ ఆన్రీ లార్తీగ్

జాక్ ఆన్రీ లార్తీగ్ (జూన్ 13, 1894 - సెప్టెంబరు 12, 1986) ఫ్రాన్సు దేశానికి చెందిన ప్రసిద్ధ ఛాయాచిత్రకారుడు మరియు చిత్రలేఖకుడు. మోటారు కార్లు, విమానాలు, పరుగులు, దూకుళ్ళు మొదలైన వేగవంతమైన దృశ్యాలను బాల్యం నుండే కెమెరాలో బంధించినవాడుగా పేరు పొందాడు. పందెపు కారు వెనుక చక్రం కోడిగుడ్డు ఆకారంలో ముందుకు వాలి కనిపించే ఇతని ఛాయాచిత్రం, కార్లపై తీసిన ఫొటోలన్నిటిలోకి అత్యంత ప్రసిద్ధమైనదని చెప్పవచ్చు. అయితే తీసిన కాలంలో ఇతడు దానిని చెడిపోయిన ఫొటోగానే భావించాడు. దాదాపు నలభై సంవత్సరాల తరువాత గాని ఆ చిత్రానికి వెలుగు చూసే భాగ్యం కలుగలేదు.

బాల్యం

లార్తీగ్ పారిస్ నగర సమీపంలోని కూర్బెవ్వాలో ఒక సంపన్న కుటుంబంలో జన్మించాడు. తండ్రి పేరు ఆన్రీ లార్తీగ్. అన్న మారిస్‌ను ఇంట్లో జిసూ అనే ముద్దుపేరుతో పిలిచేవారు. తండ్రికి ఛాయాచిత్రకళపై ఆసక్తి ఉండేది. చిన్ననాట కళ్ళు గట్టిగా మూసి తెరిచి, ఎదుట ఉన్న దృశ్యాన్ని మనసులో పట్టి ఉంచుకోవాలని ప్రయత్నించేవాడినని, అది నిలువకపోవడంతో ఎంతో దిగులు పడ్డానని లార్తీగ్ తరువాతి కాలంలో చెప్పుకున్నాడు. 1902లో, ఎనిమిదేళ్ళ వయసులో, తండ్రి ఇతనికి సొంతంగా ఒక కెమెరా ఇచ్చాడు. అది మూడు కాళ్ళ స్టాండు మీద నిలిపి, గాజు పలకలపై ఫొటోలు తీసే పెద్ద చెక్క కెమెరా. దానితో కదలని వస్తువులను మాత్రమే సరిగా తీయడం సాధ్యమయ్యేది. కొద్దికాలానికే చేతిలో పట్టుకొని తీసే చిన్న గోమొన్ కెమెరా లభించింది. అప్పటి నుండి కదిలే వస్తువుల వెంట పడ్డాడు. మెట్ల మీద నుండి గాలిలోకి ఎగిరిన బంధువు బిషోనాడ్ చిత్రం (1905) ఈ కాలానిదే.

1905లో ఈ కుటుంబం మధ్య ఫ్రాన్సులోని ఓవెర్న్య ప్రాంతంలో రూజా అనే కోట వంటి భవనాన్ని కొన్నది. అన్న జిసూ అక్కడ చక్రాల బండ్లు, గ్లైడర్లు తయారుచేసి వాటిని వాలు దారులపైన, మైదానాలలోను నడిపేవాడు. తమ్ముడు వాటిని ఫొటోలు తీసేవాడు. ఇంజను లేని ఆ చక్రాల బండ్లు మలుపు తిరుగుతూ దుమ్ము రేపుతున్న దృశ్యాలు చూస్తే, పందెపు కార్లను తీయడానికి కావలసిన సాధన అంతా ఇంటి ఆవరణలోనే జరిగిందని తెలుస్తుంది. బండి ఏ చోటికి వచ్చినప్పుడు మీట నొక్కాలో ముందుగానే నిర్ణయించుకొని, ఆ దూరానికి కెమెరాను సరిచేసుకొని వేచి ఉండడం ఆ నాటి పద్ధతి. తప్పితే ఒక గాజు పలక వృథా అయ్యేది. ఇంతటి ఖర్చు భరించగలిగిన కుటుంబంలో పుట్టడం లార్తీగ్ అదృష్టమనే చెప్పాలి.

కార్ల ఛాయాచిత్రాలు

ఇరవయ్యవ శతాబ్దపు తొలి రోజులలో ఫ్రాన్సులో మోటారు పందేలు మామూలు రహదారుల మీదనే జరిగేవి. దుమ్ము నిండిన మట్టి రోడ్ల పక్కన, ఎటువంటి అడ్డుగోడ లేకుండా ప్రేక్షకులు నిలబడేవారు. కనుక ఉత్సాహం గల కుర్రవాడు కారుకు అతి దగ్గరగా నిలబడి ఫొటో తీయగలిగేవాడు. లార్తీగ్ తన పందొమ్మిదో ఏడు వచ్చేసరికే ఇటువంటి పందేలను అనేకం చూసి ఉన్నాడు. ఇతని కార్ల చిత్రాలలో కారు ఒక్కటే కనిపించదు. ప్రేక్షకుల టోపీలు, రోడ్డు పక్క స్తంభాలు, లేచిన దుమ్ము, డ్రైవరు పక్కన వంగి కూర్చున్న మెకానిక్ కూడా ఉంటారు. నిలిపి ఉంచిన కారును అందంగా చూపించే ప్రకటనల ఫొటోలకు, ఈ చిత్రాలకు గల ముఖ్యమైన తేడా ఇదే.

పారిస్‌లోని బువా ద బులోన్య వీధిలో బొచ్చుకోటు ధరించిన స్త్రీ తన కుక్కలతో నడుస్తున్న ప్రసిద్ధ చిత్రం (1911) కూడా ఈ సందర్భంలో చూడదగినది. అందులో ఆమె వెనుక ఒక గుర్రపు బండి, ఒక మోటారు కారు ఒకే వీధిలో కనిపిస్తాయి. రెండు యుగాలు ఒకే చట్రంలో ఇమిడిన ఈ దృశ్యంలో కారు ప్రధాన వస్తువు కాకపోయినా, ఆ నాటి కార్ల గురించి ఎన్నో పందెపు ఫొటోల కన్నా ఇదే ఎక్కువ చెబుతుంది.

లార్తీగ్ 1910వ దశకం నుండి లూమియేర్ సోదరుల ఆటోక్రోమ్ పలకలపై రంగుల ఫొటోలు కూడా తీశాడు. అయితే ఆ పలకలకు కాంతి చాలాసేపు తగలవలసి ఉండడంతో, పరుగెత్తే కార్లకు అవి పనికి రాలేదు. అందువల్ల ఇతని రంగుల చిత్రాలలో మనుషులు కదలకుండా నిలిచి ఉంటారు. వేగమంతా నలుపు తెలుపు చిత్రాలలోనే ఉన్నది.

వాలిన చక్రం

ప్రసిద్ధమైన పందెపు కారు చిత్రంలో 6వ నంబరు కారు కుడివైపుకు దూసుకుపోతూ ఉంటుంది. కారు ముందు భాగం చట్రంలో లేదు, తెగిపోయింది. వెనుక చక్రం గుండ్రంగా కాక అండాకారంలో ముందుకు వాలి ఉంటుంది. దూరాన ఉన్న స్తంభాలు, ప్రేక్షకులు మాత్రం దానికి వ్యతిరేక దిశలో వెనుకకు వాలి ఉంటారు. ఈ రెండు వాలులకూ కారణాలు వేరు వేరు.

ఆ కెమెరాలో ఉన్నది ఫోకల్ ప్లేన్ షట్టరు. అంటే గాజు పలకకు సరిగ్గా ముందు ఒక నల్లని తెర ఉంటుంది. తెరలో అడ్డంగా ఒక సన్నని చీలిక ఉంటుంది. మీట నొక్కగానే ఆ చీలిక పలక మీదుగా పైనుండి కిందికి జారుతుంది. పలక అంతటికీ ఒకేసారి కాంతి తగలదు, భాగం తరువాత భాగానికి తగులుతుంది. కెమెరాలో దృశ్యం తలకిందులుగా పడుతుంది కాబట్టి, ముందుగా నేల, చివరకు చెట్ల కొనలు నమోదవుతాయి. చక్రం కింది భాగం నమోదైన క్షణానికి, పై భాగం నమోదైన క్షణానికి మధ్య కారు ముందుకు జరిగింది. అందువల్ల చక్రం ముందుకు వాలింది.

ప్రేక్షకుల సంగతి వేరు. లార్తీగ్ కెమెరాను కారుతో పాటు కుడివైపుకు తిప్పాడు. దీనినే పానింగ్ అంటారు. కెమెరా తిరుగుతున్నప్పుడు, నిలబడి ఉన్న మనుషులు చట్రంలో ఎడమవైపుకు జరుగుతారు. అందువల్ల వారు వెనుకకు వాలారు. కెమెరా సరిగ్గా కారు వేగంతోనే తిరిగి ఉంటే చక్రం గుండ్రంగా ఉండేది, ప్రేక్షకులు ఇంకా ఎక్కువగా వాలేవారు. కెమెరా కారును అందుకోలేకపోయింది. అందుకే కారు ముందు భాగం తెగింది, చక్రం వాలింది. అంటే ఆ చిత్రానికి అందం తెచ్చిన ఈ రెండు లక్షణాలూ ఒకే లోపం నుండి పుట్టినవి. సెల్‌ఫోన్ కెమెరాతో పరుగెత్తే బస్సును తీసినప్పుడు బస్సు ఏటవాలుగా రావడానికి కూడా ఇటువంటి కారణమే ఉన్నది. అక్కడ తెరకు బదులు సెన్సారు వరుస తరువాత వరుసగా దృశ్యాన్ని చదువుతుంది.

ఆల్బములు మరియు ఎంపిక

లార్తీగ్ ఫొటోలను ఊరికే తీసి వదిలివేయలేదు. దినచర్య పుస్తకంలో ఆనాటి వాతావరణం, చేసిన పనులు, తీసిన ఫొటోల చిన్న చిన్న రేఖాచిత్రాలు గీసి పెట్టేవాడు. ఫొటోలను అంచులు కత్తిరించి, పక్కపక్కన పేర్చి, వివరాలు రాసి పెద్ద ఆల్బములలో అతికించేవాడు. ఇటువంటివి 120కి పైగా ఉన్నాయి. జీవితమంతా తీసినవి సుమారు లక్ష ఛాయాచిత్రాలని అంచనా. వృద్ధాప్యంలో ఈ ఆల్బములను విప్పి, అనేక పుటలను తిరిగి కూర్చాడు. కాబట్టి నేడు కనిపించే ఆల్బములు పూర్తిగా బాలుడు చేసినవి కావు; ఎనభై ఏళ్ళ వృద్ధుని అభిరుచి కూడా వాటిలో ఉన్నది. 6వ నంబరు కారును వెలికి తీసినది కూడా ఈ తరువాతి అభిరుచే. 1950వ దశకంలో, స్పష్టత కన్నా కదలికకు విలువ ఇచ్చే దృష్టి ఛాయాచిత్రకళలో ఏర్పడిన తరువాత, లార్తీగ్ తన పాత పలకలలో నుండి దీనిని తీసి ప్రచురణకు ఇచ్చాడు.

తరువాతి జీవితం

1915లో పారిస్‌లోని జూలియన్ అకాడమీలో చిత్రలేఖనం అభ్యసించాడు. ఆ తరువాత తనను తాను చిత్రలేఖకుడుగానే భావించుకున్నాడు. 1919లో సంగీతకర్త ఆంద్రె మెసజే కుమార్తె మద్లెన్‌ను వివాహమాడాడు. 1921లో వీరికి దానీ అనే కుమారుడు కలిగాడు. ఈ వివాహం నిలువలేదు. కుటుంబ సంపద క్రమంగా తరిగిపోవడంతో, చిత్రాలు అమ్మి జీవించవలసి వచ్చింది. 1940వ దశకంలో ఫ్లోరెత్‌ను వివాహమాడి చివరి వరకు ఆమెతోనే ఉన్నాడు.

1963లో న్యూయార్క్‌లోని ఆధునిక కళా సంగ్రహాలయం (మోమా) ఇతని చిత్రాలను ప్రదర్శించింది. జాన్ షార్కౌస్కీ దీనికి నిర్వాహకుడు. అప్పటికి లార్తీగ్ వయసు 69 సంవత్సరాలు. అదే సంవత్సరం లైఫ్ పత్రిక కూడా ఇతని ఫొటోలను పలు పుటలలో ప్రచురించింది. అధ్యక్షుడు కెనెడీ హత్యా వార్తలతో వెలువడిన సంచిక అదే కావడంతో అది లక్షలాది పాఠకుల చేతికి చేరింది. 1970లో రిచర్డ్ అవెడాన్ సంపాదకత్వంలో డైరీ ఆఫ్ ఎ సెంచరీ అనే గ్రంథం వెలువడింది. 1974లో ఫ్రాన్సు అధ్యక్షుడు వలేరీ జిస్కార్ దెస్తాన్ అధికారిక ఛాయాచిత్రాన్ని తీసినది లార్తీగే. 1979లో తన ఛాయాచిత్రాలు, ఆల్బములు అన్నిటినీ ఫ్రెంచి ప్రభుత్వానికి దానం చేశాడు. 1986లో నీస్ నగరంలో మరణించాడు.

వివాదాలు

కళ గురించి ఏమీ తెలియని అమాయక బాలుడు సహజ ప్రతిభతో ఆధునిక ఛాయాచిత్రకళను ముందుగానే కనిపెట్టాడన్నది 1963 ప్రదర్శన తరువాత వ్యాపించిన కథ. విమర్శకుడు కెవిన్ మూర్ 2004లో ప్రచురించిన గ్రంథంలో దీనిని ప్రశ్నించాడు. ఆ కాలపు క్రీడా పత్రికలలో పరుగులు, దూకుళ్ళు, పందెపు కార్ల ఫొటోలు విరివిగా వచ్చేవి. లార్తీగ్ వాటిని చూస్తూ పెరిగాడు. పైగా 1955లోనే పారిస్‌లో బ్రసాయ్, రొబెర్ దువానో, మ్యాన్ రేల సరసన ఇతని ఫొటోలు ప్రదర్శితమయ్యాయి. కాబట్టి అమెరికా వారు కనిపెట్టే వరకు ఇతడు పూర్తిగా అజ్ఞాతుడన్నది నిజం కాదు. దీనివల్ల లార్తీగ్ గొప్పతనం తగ్గదు గాని, సాధనను, చదువును తీసివేసి అద్భుతాన్ని మాత్రమే మిగిల్చే కథ సరైనది కాదు.

6వ నంబరు కారు విషయంలోనూ పొరపాటు జరిగింది. దానిని చాలాకాలం పాటు 1912 జూన్ 26న దియెప్ సమీపంలో జరిగిన గ్రాండ్ ప్రీ పందెంలోని దెలాజ్ కారుగా పేర్కొంటూ వచ్చారు. అయితే దెలాజ్ సంస్థ 1912 గ్రాండ్ ప్రీలో పాల్గొనలేదు. పరిశోధకులు దానిని 1913 జూలై 12న అమియాన్‌లో జరిగిన గ్రాండ్ ప్రీలో క్రోకే నడిపిన తెయోఫిల్ ష్నైడర్ కారుగా గుర్తించారు. ఆ పందెంలో గెలిచినది పెజో కారు నడిపిన జార్జ్ బువాయో. పాత పుస్తకాలలో ఈ ఛాయాచిత్రం కింద 1912, దెలాజ్ అనే వివరాలే ఉంటాయి; కొత్తవాటిలో 1913, ష్నైడర్ అని ఉండవచ్చు. రెండూ ఒకే ఫొటోకు సంబంధించినవి.