కాగ్నా ఒడ్డున ఒక లెక్కల ఆచార్యులు

వికారాబాద్‌లో వాడి వైపు వెళ్లే రైలెక్కితే తాండూరు వస్తుంది. ఇంకాసేపటికి కర్ణాటక. సేడం తర్వాత మల్‌ఖేడ్ రోడ్ అని ఒక స్టేషన్ ఉంది. మాది తాండూరే అయినా ఆ పేరుని నేనెప్పుడూ పట్టించుకోలేదు. మా ఊరి పక్కనుంచి పారే కాగ్నా నదే మల్‌ఖేడ్ కోట పక్కనుంచి కూడా పోతుంది. 9వ శతాబ్దంలో ఆ ఊరు మాన్యఖేటం, రాష్ట్రకూటుల రాజధాని. అక్కడ అమోఘవర్ష నృపతుంగుడు రాజుగా ఉన్న రోజుల్లో, సుమారు 850లో, గణితసారసంగ్రహం అనే పుస్తకం రాసిన మహావీరాచార్యుల గురించే ఈ వ్యాసం. జైన తీర్థంకరుడు మహావీరుడు వేరు, ఈయన వేరు. ఈయన కూడా జైనుడే కాబట్టి ఆ మహావీరుడికి నమస్కారం పెట్టే పుస్తకం మొదలుపెట్టారు.

తన గురించి మాత్రం దాదాపు ఏమీ చెప్పుకోలేదు. రాజుని పొగిడి, పాత ఆచార్యుల జ్ఞానసముద్రంలోంచి కొన్ని రత్నాలు ఏరుకొచ్చానన్నట్టు వినయంగా చెప్పి, నేరుగా లెక్కల్లోకి దిగిపోయారు. అందుకే ఆయన జీవితం అంటే ఆయన పుస్తకమే. అంతకుముందు ఆర్యభట్టు, బ్రహ్మగుప్తుడు గణితాన్ని ఖగోళ గ్రంథాల్లో అధ్యాయాలుగా పెట్టారు. ఈయన పూర్తిగా గణితానికే ఒక గ్రంథం రాశారు. తొమ్మిది అధ్యాయాలు, అన్నీ సంస్కృత శ్లోకాలు. సంగీతం, వైద్యం, వంట, ఇల్లు కట్టడం, దేన్లో చూసినా లెక్క ఉంటుందని మొదట్లోనే చెప్పారు. 139ని 109తో గుణిస్తే 15151 వస్తుంది. ఇట్లా ఎటు నుంచి చదివినా ఒకేలా ఉండే, దండలాంటి జవాబులంటే ఆయనకి ఇష్టం.

నాకు ఆయన పరిచయమైంది ఒక అసైన్‌మెంట్ వల్ల. దాన్ని సేజ్‌మ్యాత్‌లో చేయాలి. 2005లో విలియం స్టైన్ మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అది. మ్యాక్సిమా, గ్యాప్, పారి లాంటి వాటన్నిటినీ పైథాన్‌తో ఒకచోటికి తెచ్చింది. విండోస్‌లో అయితే ముందు డబ్ల్యూఎస్ఎల్‌తో లినక్స్ పెట్టుకుని, అందులో సేజ్ వేసుకోవాలి. నాది మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయింది. 80370102తో ముగిసే ఒక ఎర్రర్. రెండు రాత్రులు అన్నీ తీసేసి మళ్లీ ఎక్కించా, మళ్లీ అదే. సీఎస్ఈ చదువుతూ ఇదీ రాదా అంటారని ఎవర్నీ అడగలేదు. ఫ్రెండ్ అవుట్‌పుట్ కాపీ కొట్టి ఇచ్చేద్దామని డిసైడ్ అయ్యా. చివరికి హాస్టల్లో ఒక సీనియర్ అన్న నా మొహం చూసి, ఏమైందిరా అని అడిగి, బయోస్‌లో వర్చువలైజేషన్ ఆఫ్‌లో ఉందని చూపించాడు. ఆన్ చేశా. ఐదు నిమిషాల పని!

అసైన్‌మెంట్‌లో మొదటి లెక్క షడ్రుచులది. ఆరు రుచుల్ని ఎన్ని రకాలుగా కలపొచ్చు? ఇది గణితసారసంగ్రహం ఆరో అధ్యాయంలోని లెక్క. మనం ఇంటర్‌లో చదివిన ఎన్‌సీఆర్ సూత్రాన్ని మహావీరాచార్యులు అప్పుడే సాధారణ నియమంగా ఇచ్చారు. విడివిడిగా 6, రెండేసి 15, మూడేసి 20, నాలుగేసి 15, ఐదేసి 6, అన్నీ కలిపితే 1, అంటే మన ఉగాది పచ్చడి. మొత్తం 63. షార్ట్‌కట్‌లో 2 పవర్ 6లోంచి 1 తీసేయడమే. నేను పవర్‌కి టోపీ గుర్తు వాడి, మామూలు పైథాన్ ఫైల్‌గా సేవ్ చేసి రన్ చేశా. జవాబు 7! ఆరు రుచులకి ఏడు కలయికలా? పైథాన్‌లో టోపీ గుర్తు అంటే పవర్ కాదు, ఎక్సార్. పైగా అది ముందు 6లోంచి 1 తీసేసి, ఆ తర్వాత 2తో ఎక్సార్ చేసింది. సేజ్‌లో టైప్ చేస్తే అదే గుర్తుని పవర్‌గా మార్చుకుంటుంది. ఈసారి సిగ్గుపడకుండా వెంటనే అన్నని అడిగా కాబట్టి తొందరగా తెలిసింది.

అసలు సంగతి ఇప్పుడు చెప్తా. మహావీరాచార్యులు కూడా ఒకచోట తప్పు చేశారు. ఒక సంఖ్యని సున్నాతో భాగిస్తే అది మారకుండా అట్లాగే ఉంటుందని రాశారు. పంచుకోడానికి ఎవరూ లేకపోతే పళ్లు అట్లాగే ఉంటాయి కదా అనుకున్నారేమో అని నాకనిపిస్తుంది. సేజ్‌లో 5ని సున్నాతో భాగించి చూడండి, జీరో డివిజన్ ఎర్రర్ వస్తుంది. కానీ ఆయన నియమాన్ని స్పష్టంగా రాసి పెట్టారు కాబట్టే తర్వాతివాళ్లు దాన్ని పట్టుకోగలిగారు. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యులు ఆ జవాబు అనంతం అన్నారు. ఇవాళ మనం ఆ భాగహారానికి అర్థమే లేదంటున్నాం. రుణ సంఖ్యకి వర్గమూలం లేదని మాత్రం మహావీరాచార్యులు కరెక్ట్‌గానే చెప్పారు. కాంప్లెక్స్ నంబర్లు రావడానికి ఇంకో 700 ఏళ్లు పట్టింది.

11వ శతాబ్దంలో పావులూరి మల్లన ఈ పుస్తకాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో వచ్చిన తొలి గణిత గ్రంథంగా దాన్నే చెప్తారు. మక్కీకి మక్కీ దించలేదు, కొన్ని పద్ధతులు తగ్గించి కొత్త లెక్కలు చేర్చాడు. మన భాషలో చెప్పాలంటే ఫోర్క్ చేశాడు. 1912లో రంగాచార్య మద్రాసులో మూలాన్ని ఇంగ్లిష్ అనువాదంతో అచ్చు వేయించాడు. నేను చదివింది అదే.

ఆయన చిన్ననాటి సంగతులు మనదాకా రాలేదు. ఆయన చేసిన తప్పు మాత్రం వచ్చింది, అయినా ఆయన గౌరవం ఇంత కూడా తగ్గలేదు. నేను రెండు రాత్రులు దాచుకున్న ఎర్రర్ వల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదు. అందుకే నా రికార్డులో 63తో పాటు ఆ 7ని కూడా ఉంచి, ఎందుకొచ్చిందో పక్కన రాశా. మీకు 80370102 వస్తే ముందు బయోస్ చూడండి. అప్పటికీ కాకపోతే నన్ను అడగండి.