తహసీలుదారు గోపన్న

సంసారమును విడిచి అడవులకేగి దైవమును వెదకినవారు పలువురు. సర్కారు కొలువులో శిస్తు లెక్కలు చూచుచునే దైవమును వెదకినవాడు కంచర్ల గోపన్న. ఆంధ్రదేశ మాతనిని భక్త రామదాసుగా నెరుగును.

గోపన్న 17వ శతాబ్దివాడు. నేటి ఖమ్మం జిల్లాలోని నేలకొండపల్లి ఆతని స్వగ్రామము. లింగన్న, కామాంబలు తల్లిదండ్రులు. కుతుబ్‌షాహీలలో కడపటివాడైన తానీషా (1672–1687) కొలువున మంత్రులైన అక్కన్న, మాదన్నలు ఆతనికి మేనమామలు. వారి ప్రాపున ఆతనికి పాల్వంచ పరగణా తహసీలుదారు పదవి లభించెను. శిస్తు వసూలుచేసి గోల్కొండకు పంపుట ఆతని విధి.

ఆ పరగణాలోనే గోదావరి యొడ్డున భద్రాద్రి యున్నది. అచ్చటి రామునకు తగిన కోవెల లేకుండుట గోపన్న మనస్సును కలచివేసెను. ఖజానాకు చేరవలసిన ఆరు లక్షల వరహాలు ఆలయమునకును, ఆభరణములకును వ్యయమయ్యెనని జనశ్రుతి. సంకల్ప మెంత పవిత్రమైనను సొమ్ము సర్కారుది. తానీషా ఆతనిని గోల్కొండ కోటలో బంధించెను. పండ్రెండేండ్లు చెరలో నుండెనని చెప్పుదురు. ఆ చెరసాలను నేటికిని యాత్రికులకు చూపుచున్నారు.

ఆ బాధలో పుట్టినవని చెప్పు కీర్తనలలో ఒకదానియందు, సీతమ్మకును, లక్ష్మణ భరత శత్రుఘ్నులకును చేయించిన నగలను పేరుపేరున ఎత్తి, వెలలతోసహా రాముని యెదుట లెక్క పెట్టెను. ఎవరి సొమ్మని కులుకుచున్నావని దైవమునే నిలదీసెను. దెబ్బల కోర్వలేక తిట్టితినని మరల తానే వేడుకొనెను. అది శిస్తు కచేరీలో అలవడిన భాష. దైవమును కలసికొనుటకు ఆతడు వేరొక భాషను వెదకికొనలేదు. బాకీ, కోపము, నొప్పి, పశ్చాత్తాపము అన్నియు ఆతని నోట ప్రార్థనలయ్యెను. ఆ చనువునందే భక్తునకును భగవంతునకును నడుమనున్న దూరము కరగిపోయెను.

రామలక్ష్మణులు సేవకుల వేషమున రాత్రివేళ తానీషాకు పైకము చెల్లించి గోపన్నను విడిపించిరని ఐతిహ్యము. గమనింపదగిన దేమనగా, ఆ కథలో రాముడు చెరసాల గోడలు కూల్చలేదు, నవాబును దండింపలేదు. బాకీ తీర్చి రశీదు పుచ్చుకొనెను. భక్తుని ప్రేమించిన దేవుడును లెక్కను కాదనలేదు. తెలుగు ప్రజ ఈ కథను ఇన్ని తరములుగా చెప్పుకొనుటలో గొప్ప న్యాయబుద్ధి యున్నది.

1687లో గోల్కొండ ఔరంగజేబు వశమయ్యెను. నవాబులు పోయినను భద్రాద్రి కోవెల నిలిచినది. శ్రీరామనవమి కల్యాణమునకు ప్రభుత్వపక్షమున ముత్యాల తలంబ్రాలు పంపు ఆచారము తానీషా నాటిదని చెప్పుదురు. అది నేటికిని సాగుచున్నది. తరువాతి కాలమున త్యాగరాజస్వామి (1767–1847) రామదాసును భక్తిమార్గమున పూర్వికునిగా తలచి కొనియాడెను.

కొలువు చేయుచు దైవమును తలచువారికి గోపన్న జీవితము ఆదర్శమును, హెచ్చరికయు గూడ.